డాబా మీద ఎడారి ట్రఫ్: విశాఖలో అద్దాల సోలార్ ప్రాజెక్టు డైరీ

ఎడారుల్లో కట్టే పెద్ద సోలార్ కేంద్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మనకి బాగా తెలిసిన ప్యానెళ్ల రకం. రాజస్థాన్‌లోని భడ్లా పార్కు అలాంటిదే, 2,245 మెగావాట్లు, కనుచూపు మేరంతా ప్యానెళ్లే. రెండోది అద్దాల రకం. అందులో ఒక పద్ధతేంటంటే, వంపు తిరిగిన పొడవాటి అద్దాలతో ఎండని ఒక సన్నటి గొట్టం మీదికి పోగేసి, ఆ గొట్టంలో పారే నూనెని దాదాపు 390 డిగ్రీల దాకా కాచి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. మొరాకోలో వర్జాజాత్ దగ్గర 2016లో మొదలైన నూర్ 1 ఇలాంటిదే, 160 మెగావాట్లు. రాజస్థాన్‌లో నోఖ్ దగ్గర 2013లో, మన అనంతపురం జిల్లాలో 2014లో 50 మెగావాట్ల చొప్పున ఇదే పద్ధతిలో కట్టారు. వంపు అద్దాన్ని ట్రఫ్ అంటారు, కింద కూడా అదే మాట వాడతాను.

ఈ డైరీ ఆ ట్రఫ్‌కి చేసిన చిన్న నమూనా గురించి. అద్దం 1.2 చదరపు మీటర్లు, చోటు విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో ఒక డాబా, సముద్రం దగ్గరే. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుగా చేయొచ్చు, బళ్లో సైన్సు చెప్పేవాళ్లు చేయొచ్చు, అందుకే కొలతలన్నీ ఇస్తున్నాను. వీడియోల్లో చూపించని ఒక విషయం ముందే చెప్పేస్తాను. అద్దాలు కొనకముందు మీ ఊరి ఎండని కొలవండి. ఎండ వేడి కాదు, ఎండ సూటిదనం. ఈ ప్రాజెక్టులో మిగతా లెక్కలన్నీ దాని వెనకే నడిచాయి.

దశ 1: ఎండలో సూటి పాలెంత

మన మీద పడే వెలుగు రెండు దారుల్లో వస్తుంది. సూర్యబింబం నుంచి తిన్నగా వచ్చేది ఒకటి, దీన్ని నేరు ఎండ అందాం. గాల్లోని తేమ, దుమ్ము, పల్చటి మబ్బు తగిలి ఆకాశం నలుమూలల నుంచీ వచ్చేది చెదురు వెలుగు. ప్యానెల్‌కి రెండూ పనికొస్తాయి. అద్దానికి మాత్రం నేరు ఎండ ఒక్కటే పనికొస్తుంది, ఎందుకంటే అన్ని దిక్కుల నుంచి వచ్చే వెలుగుని ఏ వంపు అద్దమూ ఒక గీత మీదికి చేర్చలేదు.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు.

1. పాత గార్డెన్ లైటులోంచి చిన్న సోలార్ సెల్ ఊడదీయండి. నాది 3 సెం.మీ. చదరం.
2. మల్టీమీటర్‌ని డీసీ 200 మిల్లీ యాంపియర్ల మీద పెట్టి, సెల్ రెండు తీగల్నీ నేరుగా దానికే కలపండి.
3. సెల్‌ని సూర్యుడికి ఎదురుగా తిప్పి రీడింగ్ రాసుకోండి. ఇది మొత్తం వెలుగు.
4. 6 సెం.మీ. వ్యాసం ఉన్న అట్ట బిళ్లని పుల్లకి గుచ్చి, సెల్‌కి 60 సెం.మీ. దూరంలో నీడ సరిగ్గా సెల్ మీద పడేలా పట్టుకోండి. ఇప్పుడొచ్చే రీడింగ్ చెదురు వెలుగు.
5. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే నేరు ఎండ.

సంక్రాంతి దాటాక, ఆకాశం కడిగినట్టున్న ఒక మధ్యాహ్నం మొత్తం 68, నీడలో 12. అంటే నేరు ఎండ 56, వందలో 82 పాళ్లు. మే మూడో వారంలో, మబ్బు ముక్క లేదు కానీ ఆకాశం పాలు కలిపినట్టు తెల్లగా ఉన్న రోజున మొత్తం 64, నీడలో 27. నేరు ఎండ 37 మాత్రమే, వందలో 58 పాళ్లు.

ఈ రెండు రీడింగులూ మళ్లీ ఒకసారి చూడండి. మే నెలలో చొక్కా పిండితే చెమట కారేంత ఉక్క, డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, మొత్తం వెలుగు పెద్దగా తగ్గనూ లేదు. అయినా అద్దానికి దొరికే ఎండ మూడింట ఒక వంతు పోయింది. ఎడారికి వెళ్లేది వేడి కోసం కాదు, తేమ లేని గాలి కోసం అని చాలాసార్లు చదివాను. ఆ మాట నిజంగా తలకెక్కింది మాత్రం ఈ మీటరు చూశాకే.

మన దేశంలో 2010 తర్వాత అద్దాల ప్లాంట్లు చాలా ఆలస్యమవడానికి ఒక కారణం కూడా ఇదే. ఉపగ్రహ లెక్కల్ని నమ్ముకుని డిజైన్ చేశారు, నేల మీద కొలిచేసరికి నేరు ఎండ అంత లేదు. 2011లో చెన్నైలోని పవన శక్తి సంస్థ దేశమంతటా 51 చోట్ల ఎండ కొలిచే కేంద్రాలు పెట్టింది. విశాఖ చుట్టుపక్కల సోలార్ ఎక్కడెక్కడ ఉందో చూడండి: ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్లు, మేఘాద్రి గెడ్డ మీద 3, సింహాద్రి థర్మల్ కేంద్రం రిజర్వాయర్ మీద 2021లో వచ్చినవి 25. అన్నీ నీళ్ల మీద తేలే ప్యానెళ్లే, అద్దాలు ఒక్కచోటా లేవు. చెదురు వెలుగు ఎక్కువున్న ఊరికి అది సరైన నిర్ణయం.

ఖర్చు: మల్టీమీటర్ 450, గార్డెన్ లైటు 150, చిల్లర 60. ఇప్పటిదాకా: రూ. 660.

దశ 2: వంపు, మెరుపు షీటు, లేజర్ పరీక్ష

వంపుకి నేను ఎంచుకున్న కొలత: నోరు 100 సెం.మీ. వెడల్పు, కిరణాలు కలిసే చోటు అడుగు నుంచి 25 సెం.మీ. పైన. ఈ కొలతతో లెక్క నోటికే వచ్చేస్తుంది. నడిమధ్య నుంచి ఎంత దూరమో దాన్ని దానితోనే గుణించి 100తో భాగిస్తే అక్కడ వంపు ఎత్తు వస్తుంది.

10 సెం.మీ. దగ్గర 1, 20 దగ్గర 4, 30 దగ్గర 9, 40 దగ్గర 16, 50 దగ్గర 25.

అంచు ఎత్తు, కిరణాలు కలిసే చోటు ఎత్తు ఒకటే అవుతాయి, కాబట్టి రెండు అంచుల మధ్య దారం కడితే ఆ దారం మధ్యలోనే గొట్టం ఉండాలి. పనిలో ఇది ఎంత సుఖమో చెప్పలేను, ఎప్పుడు అనుమానం వచ్చినా దారం కట్టి చూసుకోవచ్చు.

12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌తో, వంపుని కింద నుంచి మోసే నాలుగు పక్కటెముకలు కోయించాను, 40 సెం.మీ.కి ఒకటి. మామూలు ప్లైవుడ్ వద్దు, మన తేమకి నెల తిరక్కుండా అంచులు పొరలు పొరలుగా లేస్తాయి. నాలుగూ విడివిడిగా గీసి కోయకండి, నాలుగు పలకల్నీ కలిపి స్క్రూలు బిగించి ఒకేసారి కోసి, ఒకేసారి ఆకురాయి పెట్టండి. అప్పుడు తేడా ఉన్నా నాలుగింట్లోనూ ఒకేలా ఉంటుంది, వంపు మెలి తిరగదు.

వాటి మీద సన్‌ప్యాక్ షీటు (బోర్డులకి వాడే బోలు ప్లాస్టిక్ అట్ట) వంచి, దానిపైన అద్దంలా మెరిసే ప్లాస్టిక్ షీటు అంటించాను. చూడ్డానికి అద్భుతంగా ఉంది. లేజర్ పెట్టాక అసలు సంగతి బయటపడింది.

లేజర్ పరీక్ష ఇలా: గొట్టం ఉండాల్సిన చోట గ్రాఫ్ కాగితం నిలబెట్టాలి. పిల్లలు ఆడుకునే లేజర్ పాయింటర్‌ని ఒక స్కేలుకి బిగించి, నోరు పొడవునా 5 సెం.మీ.కి ఒకసారి జరుపుతూ, చుక్క కాగితం మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టాలి. వంపు సరిగ్గా ఉంటే చుక్కలన్నీ ఒకచోటే పడతాయి. నాకు 6, 7 సెం.మీ. మేర చెల్లాచెదురయ్యాయి. పక్కటెముకల మీద బాగానే ఉన్నాయి, రెండు పక్కటెముకల మధ్యలో సన్‌ప్యాక్ షీటు ఎండకి మెత్తబడి కిందికి కుంగిన చోటే గొడవ. కొనబోయే గొట్టం వెడల్పు 4.7 సెం.మీ., అంటే దాదాపు మూడో వంతు వెలుగు పక్కకి పోతుంది.

దానికి తోడు ఉప్పుగాలి. సముద్రం నుంచి వచ్చే తడిగాలికి మెరుపు షీటు అంచుల్లో ముందు పొక్కులు లేచాయి, తర్వాత పొక్కు చుట్టూ మెరుపు పోయి ప్లాస్టిక్ అవతలి వైపు కనపడటం మొదలైంది. షీటు మార్చి లాభం లేదు, గాజుకి వెళ్లాల్సిందే. పెద్ద ప్లాంట్లలో వాడేదీ గాజే, ఇనుము తక్కువున్న 4 మి.మీ. గాజు, వెనక వెండి పూత.

ఖర్చు: ప్లైవుడ్ 1,900, షీట్లు 650, స్క్రూలు, ఆకురాయి 240. ఇప్పటిదాకా: రూ. 3,450.

దశ 3: గాజు పట్టీలు

వంచిన గాజు మనకి దొరకదు. అందుకే చదును అద్దాన్ని సన్నటి పట్టీలుగా కోయించి వంపు మీద పక్కపక్కన పేర్చాలి. పట్టీ ఎంత వెడల్పు ఉండాలి అనేది ఇక్కడ ప్రశ్న. చదును పట్టీ వెలుగుని చిన్నది చేయదు, నడుమ ఉన్న 4 సెం.మీ. పట్టీ గొట్టం మీద 4 సెం.మీ. వెలుగు గీతే వేస్తుంది, సూర్యబింబం వెడల్పు వల్ల ఇంకో పావు సెం.మీ. కలుస్తుంది. గొట్టం 4.7. అంటే 4 సెం.మీ. పట్టీ సరిపోతుంది, 5 సెం.మీ. అయితే పొర్లిపోతుంది. వంపు మీద కొలిస్తే మొత్తం పొడవు 114.8 సెం.మీ., కాబట్టి పట్టీకి పట్టీకి 1 మి.మీ. సందు వదిలితే సరిగ్గా 28 పట్టీలు. మందం 3 మి.మీ., పొడవు 120 సెం.మీ.

పూర్ణా మార్కెట్ దగ్గర అద్దాలు కోసే పెద్దాయన ఒకరు ఇవి కోసిచ్చారు. దేనికి బాబూ ఇన్ని సన్నపట్టీలు అని అడిగి, నా చేతిలో ఉన్న సిలికాన్ ట్యూబు మూత తీసి వాసన చూశారు. "వినిగర్ వాసనొచ్చేది అద్దం ఎనకాల ఎయ్యకు బాబూ, పూత తినేస్తాది. వాసన రానిది అడిగి కొనుక్కో." నేను అప్పటికే ఇంట్లో రెండు ముక్కల మీద దాన్నే వేసి ఆరబెట్టాను. నెల తర్వాత చూస్తే ఆయన అన్నట్టే వెనక పూత గోధుమ రంగుకి తిరిగి, ముందు నుంచి నల్లమచ్చలు కనిపించాయి. గట్టిపడేటప్పుడు ఆ రకం సిలికాన్‌లోంచి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే బయటికొస్తుంది. షాపులో న్యూట్రల్ సిలికాన్ అని అడగండి, ట్యూబుకి వంద రూపాయలు ఎక్కువైనా అదే కొనండి.

అతికించే వరస:

1. పట్టీల నాలుగు అంచుల్నీ సానపట్టించి, వెనకా అంచులకీ రెండు పూతలు ఎనామెల్ పెయింట్ వేయండి. ఉప్పు ముందు అంచులోంచే లోపలికి పోతుంది.
2. పక్కటెముక మీద సిలికాన్‌ని శనగగింజంత చుక్కగా పెట్టండి, గీతగా వద్దు. గీత పెడితే ఎత్తు సర్దడం కుదరదు.
3. నడుమ పట్టీతో మొదలుపెట్టి రెండు వైపులా పైకి వెళ్లండి.
4. ప్రతి పట్టీ అతికించగానే, సిలికాన్ ఆరకముందే లేజర్ పెట్టి, చుక్క మధ్య గీత మీదికి వచ్చేదాకా వేలితో నొక్కి సర్దండి.

నాలుగో మెట్టే అసలు పని. మెరుపు షీటు మీద 7 సెం.మీ. చెదిరిన చుక్కలు గాజు మీద 1 సెం.మీ. లోపలికి వచ్చాయి, పక్కటెముకల కోతలో ఉన్న చిన్న తేడాలు కూడా ఈ సిలికాన్ చుక్కలోనే సర్దుకున్నాయి.

ఖర్చు: అద్దం, కోత, సానతో 1,680, సిలికాన్ 840, పెయింట్ 180. ఇప్పటిదాకా: రూ. 6,150.

దశ 4: గొట్టం

పెద్ద ప్లాంట్లలో ట్రఫ్ నోరు సుమారు 5.8 మీటర్లు, గొట్టం 70 మి.మీ. ఉక్కుది, దాని చుట్టూ గాజు గొట్టం, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. అదే సూత్రంతో పనిచేసేది మన బజార్లోనే దొరుకుతుంది: సోలార్ వాటర్ హీటర్ల స్పేర్ ట్యూబు. బయటి గాజు 58 మి.మీ., లోపలి నల్లటి గాజు 47 మి.మీ., పొడవు 1.8 మీటర్లు, ఒక చివర మూసి ఉంటుంది.

ఒకటి పగిలింది. ఎండలో ఖాళీగా ఉన్న ట్యూబులో చన్నీళ్లు పోశాను, టప్పుమని శబ్దం, అంతే. ఖాళీ ట్యూబు ఎండలో 200 డిగ్రీలు దాటుతుంది, బయట గాజు చల్లగానే ఉంటుంది కాబట్టి చేత్తో ముట్టుకున్నా తెలియదు. నీళ్లు పొద్దున్నే, అద్దాల మీద దుప్పటి కప్పి పోయండి. మూత బిగించొద్దు, ఎప్పటికీ. ఆవిరికి దారి లేకపోతే అది బాంబు.

అద్దం 1.2 మీటర్లు, ట్యూబు 1.8, రెండు వైపులా 30 సెం.మీ. మిగులుతుంది. అది వృథా అనుకుని పొట్టి ట్యూబు కోసం వెతక్కండి, దాని అవసరం కిందే తెలుస్తుంది.

వాట్లు కొలిచే పద్ధతి: 2.5 లీటర్ల నీళ్లు పోసి, 35 నుంచి 65 డిగ్రీలకి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. 2.5ని 4,186తో, దాన్ని 30తో గుణించి సెకన్లతో భాగిస్తే వాట్లు. థర్మామీటర్ చూసే ముందు పొడవాటి పుల్లతో నీళ్లు కలపండి, పైనున్న నీళ్లు ఎప్పుడూ ఎక్కువ వేడి చూపిస్తాయి.

అద్దాలు కప్పేసి ఉత్త ట్యూబుకి పట్టింది గంటా ఇరవై నిమిషాలు, అంటే 65 వాట్లు. అదే జనవరి ఎండలో, అద్దాలతో, చేత్తో తిప్పుతూ ఉంటే 15 నిమిషాలు. 350 వాట్లు దగ్గర దగ్గరగా.

ఖర్చు: ట్యూబులు రెండు 1,800. ఇప్పటిదాకా: రూ. 7,950.

దశ 5: స్టాండు, వాలు

మొదట ట్రఫ్ తిరిగే ఇరుసుని ఉత్తర దక్షిణాలుగా, నేలకి సమాంతరంగా పెట్టాను, పెద్ద ప్లాంట్లలో లాగే. రెండు ఇబ్బందులొచ్చాయి. ట్యూబులో నీళ్లు నిలవవు, ఇది కనిపించేది. కనిపించనిది ఇంకోటుంది: మన అక్షాంశం 17.7 డిగ్రీలు, డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 41 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. అంత ఏటవాలుగా పడిన ఎండలో పావు వంతు అక్కడే పోతుంది, అంచు పట్టీల నుంచి తిరిగిన వెలుగు ఉత్తరం కొసన 40 సెం.మీ. అవతలికి జారిపోతుంది. పెద్ద ప్లాంట్లో ఒక్కో ట్రఫ్ వరస వంద మీటర్లు దాటుతుంది కాబట్టి కొసన పోయే ఆ కాస్తా లెక్కలోకి రాదు. 1.2 మీటర్ల ట్రఫ్‌కి అదే ప్రాణం.

అందుకని ఉత్తరం వైపు పైకెత్తి ఇరుసుని 17.7 డిగ్రీలు వాల్చాను. భూమి ఇరుసుకి ఇది సమాంతరం. దీంతో ఒకేసారి మూడు పనులయ్యాయి. మూత లేని చివర పైకి వచ్చింది, నీళ్లు నిలిచాయి. ఏడాదిలో ఏ రోజైనా సూర్యుడు ఇటు 23.4, అటు 23.4 డిగ్రీలు మించి తప్పుకోడు, కొస నష్టం 22 సెం.మీ. లోపే, ట్యూబుకి రెండు వైపులా వదిలిన 30 సెం.మీ. ఆ వెలుగుని పట్టుకుంటుంది. ఇక మూడోది, తిప్పే వేగం ఏడాదంతా ఒకటే, గంటకి 15 డిగ్రీలు.

అటు 23.4 అని ఎందుకన్నానంటే, విశాఖలో మే రెండో వారం నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు. సోలార్ అంటే దక్షిణమే అని అలవాటు పడినవాళ్లు ఆ నెలల్లో దక్షిణం కొస ట్యూబు కురచ చేస్తే దెబ్బతింటారు.

ఉత్తర దిక్కు కోసం ఫోన్ దిక్సూచిని నమ్మకండి, శ్లాబులో ఇనుముంది. నిలువు కర్ర పాతి, పొద్దున ఒక నీడ కొస గుర్తు పెట్టి, కర్ర మొదలు కేంద్రంగా ఆ నీడంత వృత్తం గీసి, మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ ఆ వృత్తాన్ని తాకే చోట ఇంకో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య గీత తూర్పు పడమరలు.

ట్యూబు తిరగదు, అద్దాలే దాని చుట్టూ తిరుగుతాయి. 75 మి.మీ. పీవీసీ పైపు ముక్కలు రెండు స్టాండుకి బిగించి, వాటిలోంచి ట్యూబు పోనిచ్చి లోపల స్పాంజి చుట్టాను. చివరి పక్కటెముకల నుంచి లేచిన చెక్క పట్టీలకి ఆ పైపు పట్టేంత రంధ్రాలు పెడితే అవి దాని మీద గ్రీజుతో తిరుగుతాయి. చివరల్ని పూర్తి పలకతో మూయకండి, కొసకి జారే వెలుగుకి అది అడ్డం. బరువంతా ఇరుసు కిందే ఉండటంతో పొద్దునా సాయంత్రం ట్రఫ్ ఒరిగినప్పుడు లాగడం కష్టమైంది, చివరల్లో కడ్డీలు పెట్టి ఇసుక నింపిన పైపు ముక్కలు బిగించి, ఎక్కడ వదిలినా అక్కడే ఆగేదాకా ముందుకీ వెనక్కీ జరిపాను.

శ్లాబుకి రంధ్రాలు వేయలేదు, వానాకాలం కారుతుంది. ఆటోనగర్‌లో చేయించిన యాంగిల్ స్టాండు నాలుగు కాళ్లనీ 20 లీటర్ల పెయింట్ డబ్బాల్లో పెట్టి కాంక్రీటు పోశాను. ఒక్కోటి 45 కిలోలు దాటుతుంది. డాబా మీదే పోయండి, కింద పోసి మోసుకురావడం అయ్యే పని కాదు.

ఖర్చు: యాంగిల్, వెల్డింగ్ 2,600, పైపులు 220, పాత సైకిల్ రిమ్ము 120, కాంక్రీటు 600. ఇప్పటిదాకా: రూ. 11,490.

దశ 6: సూర్యుడి వెంట తిప్పడం

సహించే తప్పు అర డిగ్రీ. సూర్యుడు 4 నిమిషాలకి ఒక డిగ్రీ జరుగుతాడు. కాబట్టి రెండు నిమిషాలకోసారి అర డిగ్రీ తిప్పాలి.

మొదట రెండు వెలుగు సెన్సర్ల మధ్య అడ్డుగోడ పెట్టి, నీడ ఎటు పడితే అటు తిరిగేలా చేశాను. మబ్బు లేని రోజు చక్కగా పనిచేసింది. సముద్రం మీంచి తెల్లటి మబ్బు ముక్కలు వచ్చే రోజున, సూర్యుడు మబ్బు చాటుకి పోగానే ట్రఫ్ ఎక్కువ మెరిసే మబ్బు అంచు వైపు తిరిగిపోయేది, ఎండ తిరిగొచ్చేసరికి ఇది ఎక్కడో ఉండేది. దారి తప్పిన ట్రఫ్ తిన్నగా ఎదురింటి గోడ మీద చారలు వేసింది. "ఏంటి బాబూ, మా వంటింట్లోకి లైట్లు కొడుతున్నావ్, కళ్లు పోతున్నాయి" అని ఎదురింటి పిన్నిగారు పిలిచి చెప్పారు. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. అప్పట్నుంచి ట్రఫ్‌ని జరిపే ముందు దుప్పటి కప్పడం, పని లేనప్పుడు అద్దాల్ని నేల వైపు బోర్లించడం ఖచ్చితంగా పాటిస్తున్నాను. పక్కింటి వాటర్ ట్యాంకు, ఆరేసిన బట్టలు కూడా గుర్తుంచుకోండి.

సెన్సర్లు తీసేసి గడియారానికి మారాను. పెద్ద ప్లాంట్లు కూడా టైమునుబట్టి సూర్యుడు ఎక్కడుండాలో లెక్కగట్టే తిరుగుతాయి. డాబాగార్డెన్స్‌లో కొన్న గడియారం మాడ్యూలు, ఆర్డుయినో నానో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు, నిమిషానికి 3.5 చుట్లు తిరిగే 12 వోల్టుల గేర్ మోటారు. సైకిల్ రిమ్ముని ఇరుసుతో ఒకే కేంద్రంలో బిగించి, మోటారు 12 మి.మీ. కడ్డీ మీంచి రిమ్ము గాడిలోకి తీగ చుట్టాను. రిమ్ము గాడి దగ్గర 62 సెం.మీ., అంటే 52కి 1. రెండు నిమిషాలకోసారి మోటారు 1.2 సెకన్లు తిరిగితే అర డిగ్రీ.

తీగ మొదట నైలాన్ తాడు. పొద్దున మంచుకి బిగుసుకుని మధ్యాహ్నానికి సాగేది, సాయంత్రానికి మూడు నాలుగు డిగ్రీల తేడా. సైకిల్ బ్రేక్ వైరు వేశాక పోయింది.

గడియారంతో ఒక చిక్కుంది. సూర్యుడు మన గడియారంతో సరిగ్గా నడవడు, నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. 16 నిమిషాలంటే 4 డిగ్రీలు, మనం సహించేదానికి ఎనిమిది రెట్లు. వారానికి ఒక సవరణ చొప్పున పట్టిక రాసి ప్రోగ్రాంలో పెట్టాను. విశాఖ మన దేశ టైముకి ఆధారమైన ప్రామాణిక రేఖకి కాస్త తూర్పున ఉంది కాబట్టి ఇంకో 3 నిమిషాలు ముందుకి.

ఖర్చు: మోటారు 650, నానో 350, గడియారం 180, మోటారుని నడిపే డ్రైవర్ బోర్డు 150, అడాప్టర్ 300, డబ్బా, వైర్లు 210, బ్రేక్ వైరు 60. ఇప్పటిదాకా: రూ. 13,390.

దశ 7: జనవరి, మే, ఉప్పు

జనవరి మూడో వారంలో సూర్యుడు దక్షిణానికి 20 డిగ్రీలు, మే మూడో వారంలో ఉత్తరానికి 20. వాల్చిన ఇరుసు మీద రెండూ ఒకటే, అందుకే ఆ రెండు వారాల్నీ పోల్చాను. అద్దాలు రెండుసార్లూ తుడిచినవే.

జనవరి: 15 నిమిషాలు, 350 వాట్లు.
మే: 24 నిమిషాలు, 218 వాట్లు.

దశ 1లో అట్ట బిళ్ల చెప్పింది 56కి 37. ఆ లెక్కన మే నెలలో 230 రావాలి, 218 వచ్చింది. అద్దాలు కొనకముందే 660 రూపాయల సామానుతో ఇంత దగ్గరగా చెప్పగలిగాం, నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికన్నా సంతోషమిచ్చింది ఇదే.

ఇక ఉప్పు. సాయంత్రం గాలి తోలే రోజుల్లో వారం తుడవకపోతే 15 నిమిషాల పని 19 అవుతుంది, 275 వాట్లు. అద్దం మురికిగా కూడా కనపడదు, పక్క నుంచి చూస్తే పల్చటి ఆవిరి పట్టినట్టుంటుంది, వేలితో రాస్తే జిగురు. ప్యానెల్ మీద పొర వెలుగుని చెదరగొట్టినా ఆ వెలుగు చాలావరకు లోపలికే పోతుంది. అద్దం దగ్గర చెదిరిన వెలుగు గొట్టం తప్పిపోతుంది, అందుకే ఇంత తేడా. కుళాయి నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి చుక్కలు మిగులుతాయి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి పట్టిన నీళ్లు వాడండి, మరక పడదు. పొడిగుడ్డతో మాత్రం ఎప్పుడూ తుడవొద్దు, ఉప్పుతో పాటు ఇసుక ఉంటుంది, గీతలు పడతాయి. ఎడారిలో సమస్య దుమ్ము, నీళ్ల కరువు. భడ్లాలో నీళ్లు లేకుండా తుడిచే రోబోలు వాడతారు, నూర్‌కి దగ్గర్లోని మన్సూర్ ఎద్దహబీ డ్యాం నీళ్లు తెస్తారు. మనకి నీళ్లున్నాయి, గాలే బాగోలేదు.

ఇప్పుడు నడుస్తున్నది

వేడి నిలవ చేయడం గురించి అడుగుతున్నారు. నూర్‌లో సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ కలిపిన ఉప్పుని కరిగించి ట్యాంకుల్లో వేడి దాస్తారు. అది ఇంట్లో చేయొద్దు. ఆ ఉప్పు 220 డిగ్రీలు దాటితే గానీ కరగదు, మంటని ఎగదోసే రసాయనం, అమెరికాలోని క్రెసెంట్ డ్యూన్స్‌లో 2016లో ఉప్పు ట్యాంకు కారి ప్లాంటే నెలల తరబడి ఆగింది. నేను వేడినీళ్లని ఫ్లాస్కు డ్రమ్ములోకి తీస్తున్నాను, అంతే.

అక్టోబర్ దగ్గరపడుతోంది కాబట్టి తుఫాను ఏర్పాటు చూస్తున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊళ్లో ఏం చేసిందో చూసినవాళ్లెవరూ డాబా మీద చదరపు మీటరు పైగా గాజుని ఊరికే వదలరు. పెద్ద ప్లాంట్లలో గాలి పెరిగితే ట్రఫ్‌ల్ని బోర్లిస్తారు. నా వరస ఇది:

1. ట్యూబు ఖాళీ చేసి, బయటికి లాగి, ఇంట్లోకి.
2. ట్రఫ్‌ని పూర్తిగా బోర్లించి, రెండు అంచుల్నీ స్టాండు కాళ్లకి తాడుతో కట్టడం. బ్రేక్ వైరు మీద భారం పెట్టొద్దు, మోటారు గేర్లు విరుగుతాయి.
3. ఇసుక పైపులు తీసి కింద పెట్టడం.
4. కంట్రోల్ డబ్బా ప్లగ్గు పీకి ఇంట్లోకి.

మొన్న ఈదురుగాలికి ఇలా కట్టి చూశాను, అంతా కదలకుండా ఉంది గానీ బోర్లించినప్పుడు నడుమ పట్టీ వెనక రెండు సిలికాన్ చుక్కలు వదిలేశాయి. ఇప్పుడు ప్రతి పట్టీకి రెండు చివర్లా చిన్న అల్యూమినియం క్లిప్పులు వేస్తున్నాను, 56 కావాలి, ముక్క 6 రూపాయలు, 336. ఇప్పటిదాకా: రూ. 13,726. క్లిప్పులు పడ్డాక లేజర్ పరీక్ష మళ్లీ మొదటి పట్టీ నుంచి చేసి, చుక్కల కొలతలు తర్వాతి ఎంట్రీలో పెడతాను.